నాన్న పెట్టిన సంతకం

పదో తరగతిలో మాకు వారానికోసారి డబ్బు పాఠం ఉండేది. జీతం చీటీ ఎలా చదవాలి, అప్పు కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఏముంటుంది, ఇలాంటివి. అది చెప్పే ఆవిడకు మేం పెట్టిన పేరు చిల్లర టీచరు. ఎదురుగానే అనేవాళ్ళం. "చిల్లర దాచినోళ్ళకే నోట్లు మిగిలేది" అని నవ్వేది. ఇంగ్లీషు మాస్టారికి మాత్రం నవ్వంటే గిట్టదు. ఆ నెలంతా ఆయన మాతో ఆఫీసు ఉత్తరాలు రాయించాడు. సెలవు, ఫిర్యాదు, రాజీనామా. "ఊహించి రాయొద్దు. మీ ఇంట్లో ఉద్యోగం చేసే మనిషి పేరుతో, నిజం వివరాలతో రాయండి" అన్నాడు.

నాకు రాజీనామా పడింది. మా ఇంట్లో ఉద్యోగం నాన్నది. పెద్ద హోటల్ లాండ్రీలో ఇస్త్రీ. రోజుకు మూడు వందల దుప్పట్లు, దిండు గలీబులు వేరే. మోచేతుల దాకా ఆవిరి కాల్చిన మచ్చలు. ఇరవై రెండేళ్ళ నుంచి అదే పని. ఆయనకు ఇంగ్లీషులో వచ్చిందల్లా తన పేరు గుర్తుపట్టడం, సంతకం పెట్టడం.

నేను కుదురుగా తిరగరాస్తుంటే పనినుంచి వచ్చి నా భుజం మీదుగా తొంగి చూశాడు.

"నా పేరుందేంటమ్మా అందులో?"

"నీ గురించే నాన్నా. ఇరవై రెండేళ్ళు పనిచేశావని, అక్కడ చాలా నేర్చుకున్నావని, అందరికీ థాంక్స్ అని."

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. రెండో పేరా నిండా అదే. ఈ నెలాఖరుతో పని మానేస్తున్నానన్న మొదటి పేరా మాత్రం వదిలేశాను. ఫోనులో స్నేహితురాలు ఎదురుచూస్తోంది. ఇది ఉత్తుత్తి ఉత్తరమని, మాస్టారు రాయమన్నాడని, అదంతా విడమరచి చెప్పడానికి బద్ధకం. ఇంతకన్నా గొప్ప కారణం ఉంటే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను. లేదు.

నాన్న ముఖం వెలిగిపోయింది. "నాకిస్తావా? మా మేనేజరుకు చూపిస్తాను. మా అమ్మాయి ఇంత చక్కగా రాస్తుందని తెలియాలిగా."

"తీసుకో, నేను ఇంకోటి రాసుకుంటాలే" అన్నాను, ఫోనులోంచి తలెత్తకుండానే. పేరు కింద ఖాళీ ఉందని ఆయన సంతకం కూడా పెట్టుకున్నాడు.

మర్నాడు సాయంత్రం ఇంట్లో అడుగుపెడుతూనే అమ్మను కేకేశాడు. "మేనేజరు లేచి నిలబడి షేక్ హ్యాండ్ ఇచ్చాడే! ఇన్నేళ్ళలో ఎప్పుడైనా ఇచ్చాడా? ముద్ర కూడా వేసి, ఓ కాపీ నాకిచ్చాడు."

సరిగ్గా ఆ ఉదయమే చిల్లర టీచరు చెప్పింది. కంపెనీ పొమ్మంటే, పనిచేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల జీతం పరిహారంగా ఇవ్వాలి. మనమే పోతానంటే ఆ పరిహారం రాదు. హోటల్లో ఉతుకులు బయటికి ఇచ్చేసి, లాండ్రీ వాళ్ళను తీసేస్తారని అప్పటికే అనుకుంటున్నారు. ఆ మేనేజరుకు వెతకబోయిన తీగ కాలికి తగిలింది. నాన్న చేతిలోంచి కాపీ లాక్కుని ఆ ముద్ర చూశాను.

చెప్పేశాను. "ఇన్ని చదువులు చదివి, ఆ ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాలేదుటే?" అంది అమ్మ. నాన్న కాపీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పొద్దున్నే నాన్నా నేనూ హోటలుకు వెళ్ళాం. అది బళ్ళో రాయించిన ఉత్తరమని మేనేజరుకు చెప్పాను, ఏడ్చాను, నోటుబుక్కు చూపించాను. ఆయన దాన్ని తిరగేయను కూడా లేదు. "సంతకం ఆయనదేగా పాపా?" అన్నాడు.

చిల్లర టీచరు మమ్మల్ని లేబరు ఆఫీసుకు తీసుకెళ్ళింది. అక్కడి ఆఫీసరు మంచివాడే. కానీ పొరపాటంటే కుదరదన్నాడు. విషయం దాచి, మోసం చేసి సంతకం పెట్టించుకున్నారని, ఎవరు చేశారో పేరుతో సహా రాసిస్తే ఆ ఉత్తరం చెల్లకుండా పోతుంది. పదకొండు నెలల జీతం చేతికొస్తుంది. నేను అక్కడే బల్లమీద కూర్చుని రాశాను. నా జన్మలో అంత తప్పుల్లేని ఇంగ్లీషు ఎప్పుడూ రాయలేదు.

నాన్న పెన్ను తీసుకుని ఆగాడు. "చదువు. తెలుగులో, ఒక్క ముక్క వదలకుండా."

చదివాను. "నా కూతురు నన్ను మోసం చేసి..." దగ్గర ఆగిపోయాను. అయినా చదివాను.

ఆయన పెన్ను కింద పెట్టేశాడు.

"పెట్టు నాన్నా. నీ కాళ్ళు పట్టుకుంటాను. నిజమేగా!"

"నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు. దాన్ని మోసం అనరమ్మా. డబ్బు పోతే పోనీ. నా బిడ్డ నన్ను మోసం చేసిందని కాగితం మీద ఎలా పెట్టమంటావు సంతకం?"

టీచరు చెప్పి చూసింది. ఆఫీసరూ చెప్పాడు. ఆయన లేచి చొక్కా సర్దుకుని బయటికి నడిచాడు. ఆ నెలాఖరుకే పని పోయింది. ఇరవై రెండేళ్ళకు ఆ పరిహారం ఒక్క పైసా రాలేదు. ఇప్పుడు సందు చివర ఓ చిన్న కొట్లో చొక్కాకింత, ప్యాంటుకింత అని ఇస్త్రీ చేస్తున్నాడు. అరవై దాటాయి. నిలబడితే మోకాళ్ళు వాస్తాయి.

ఆ సంగతి మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. ఒక్కనాడూ కసురుకోలేదు. నేను ఉద్యోగంలో చేరాను, ఇల్లు నేనే నడుపుతున్నాను. ఇంటికి ఏ కాగితం వచ్చినా ఇప్పటికీ నా చేతికే ఇస్తాడు. కరెంటు బిల్లైనా, ఆస్పత్రి చీటీ అయినా నేను చదివి చెబుతుంటే శ్రద్ధగా వింటాడు, తలూపుతాడు, "సరేనమ్మా" అంటాడు.

తర్వాత చెప్పులేసుకుని, ఆ కాగితం పట్టుకుని పక్కింటి కండక్టరు దగ్గరికి వెళ్ళి మళ్ళీ చదివించుకుని వస్తాడు. అది నాకు తెలియదనుకుంటాడు.