దయామణి గారి రేడియో

"చచ్చినోళ్ళకి రేడియో ఎందుకే?" అన్నాడు పున్నయ్య, గోంగూర పచ్చడి అన్నంలో కలుపుకుంటూ.

కరుణమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. నిజానికి ఆమె ఎత్తింది రేడియో సంగతి కాదు. మిషను బడిలో తన పక్క తరగతికి పాఠాలు చెప్పే దయామణి ఎండాకాలంలో విషజ్వరంతో చనిపోయింది. ఆ రోజు బడి తెరిచాక, ఇద్దరూ కలిసి వాడుకున్న బల్ల సొరుగు సర్దుతుంటే, దయామణి పేరున హెడ్మాస్టరు రాసిచ్చిన రాయితీ చీటీ కనిపించింది. సుద్దముక్కల డబ్బా కింద, మడత నలగకుండా దాచుకుంది పిచ్చిది. ఆ మాటే మొగుడితో చెప్పుకుంది. చెప్పుకోవటమే ఆమె చేసిన తప్పు.

సాగరు డ్యాము కట్టుబడి సగంలో ఉన్న రోజులవి. ఆ ఏడు రేడియో కంపెనీవాళ్ళు బడిపంతుళ్ళకీ టీచరమ్మలకీ ధరలో రాయితీ ఇస్తున్నామని ఊరూరా బోర్డులు పెట్టించారు. మనిషికి ఒక్క సెట్టే. హెడ్మాస్టరు చీటీ పట్టుకుని ఎవరికి వాళ్ళే వచ్చి సంతకం పెట్టాలి. పత్తి మిల్లులో గుమాస్తాగిరీ చేసే పున్నయ్యకు ఏ కంపెనీ ఏ రాయితీ ఇవ్వదు. ఆ సంగతి ఆయనకు పంటికింద రాయిలాగా ఉండేది. పోనీ పెళ్ళానికొచ్చిన రాయితీ అయినా ఇంట్లో మిగిలిందా అంటే, అది ముందే ఖర్చయిపోయింది. మాచర్లలో ఉండే అన్నగారి మెప్పు కోసం ఆమెను అక్కడి షాపుకు తీసుకుపోయి సంతకం పెట్టించాడు. ఆ సెట్టు అన్నగారింట్లోనే కూర్చుంది. పాస్టరుగారిని పిలిచి దాని మీద ప్రార్థన కూడా చేయించారు. పొగడ్తలన్నీ పున్నయ్యకు, వచ్చిన జనానికి కాఫీలు కాచే పని కరుణమ్మకు. సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

"అది పాపం అండీ," అంది కరుణమ్మ.

"ఏంది పాపం? రాయితీ ఊరికే పోతంటే వాడుకోటం పాపమా? నువ్వు పోయి ఆమె పేరు చెప్పి సంతకం పెట్టు. నిన్నెవరు గుర్తుపడతారు?"

"చచ్చినవాడి కళ్ళు చారెడని, బతికున్నప్పుడు ఆ టీచరు నీకు ఏం పెట్టింది గనకే?" అంది అత్త రూతమ్మ, గోడకు చేరగిలబడి.

ఏం పెట్టిందో చెబితే అత్తకు అర్థమయ్యేది కాదు. దయామణి ఆమెను పేరు పెట్టి పిలిచేది. అంతే. ఆ ఇంటికి కాపురానికొచ్చిన నాటి నుంచీ అత్తకు ఆమె 'ఏమే', మొగుడికి 'ఇదిగో'. పిల్లలు పుట్టలేదు గనక ఫలానావాళ్ళమ్మ అనే పిలుపూ దక్కలేదు. బడిలో అందరికీ 'టీచర్'. అమ్మానాన్నా పోయాక 'కరుణా' అని పిలిచే గొంతు లోకంలో ఒక్కటే మిగిలింది. పెళ్ళీ గిళ్ళీ లేకుండా బడి వెనక ఒంటి గదిలో ఉండేది దయామణి. హాజరు పిలిచే ముందు సుద్దముక్కతో బల్ల మీద రెండుసార్లు టక్‌టక్ అని కొట్టేది. తరగతంతా సద్దుమణిగేది. అప్పుడు ఒక్కో పిల్లదాన్నీ ఇంటిపేరుతో సహా, పీటేసి అన్నానికి కూర్చోబెట్టినంత మర్యాదగా పిలిచేది. "రేడియో కొనుక్కుని నా గదిలో పెట్టుకుంటా కరుణా," అనేది. "కరెంటు లేకపోతే ఏంది? వచ్చిందాకా దాన్నే చూస్తా కూచుంటా. మర మాత్రం ఎవర్నీ తిప్పనీను." ఆ గొంతు పోయాక, తన పేరు ఎలా ఉంటుందో తనే మరిచిపోతానేమోనని కరుణమ్మకు భయం పట్టుకుంది. ఈ భయం ఎవరితో చెప్పుకున్నా నవ్వుతారు.

మర్నాడు నరసరావుపేట బజారులో పున్నయ్య సోడా కొట్టు దగ్గర నిలబడిపోయి ఆమెను షాపులోకి తోశాడు. యజమాని ఖాజా మొహిద్దీన్ లేచి నిలబడి కుర్చీ చూపించాడు.

"రండి టీచరమ్మా. తమరి పేరు?"

"దయామణి," అంది. నోట్లో మంచు ముక్క పెట్టుకున్నట్టయింది.

సంతకం పెట్టేటప్పుడు ఇంకో వింత జరిగింది. ఆమె రాత ముద్దముద్దగా ఉంటుంది. కాగితం మీద పడిన అక్షరాలు మాత్రం సన్నగా, కాస్త కుడివైపు వాలి ఉన్నాయి. ఇన్నేళ్ళు పక్క తరగతి నల్లబల్ల మీద చూసిన రాత అది. కుమారి ఎస్. దయామణి. కరుణమ్మ కలం కింద పెట్టేసి చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

సెట్టు ఇంటికొచ్చింది, పోస్టాఫీసు లైసెన్సు కూడా దయామణి పేరునే. మర మీద చెయ్యి పున్నయ్యది, ఎదురుగా ఉన్న కుర్చీ పున్నయ్యది. "ముట్టబాక, షాకు కొడద్ది," అని పెళ్ళాన్ని హెచ్చరించాడు. సాయంత్రమయితే మిల్లు స్నేహితులు వచ్చి వార్తలు వినేవాళ్ళు. ఆమె బడి నుంచి వచ్చీ రాగానే నీళ్ళు తోడి, పొయ్యి రాజేసి, వాళ్ళకు కాఫీలు అందించేది. జీతం ఆయన జేబులోకి, సెట్టు ఆయన చేతిలోకి పోగా, ఆమెకు మిగిలింది పొద్దున్నే దాని మీద దుమ్ము తుడవటం.

ఆ రోజుల్లోనే మొదటిసారి ఒక చప్పుడు విన్నది. మర తిప్పితే ముందు అద్దంలో ఆకుపచ్చ కన్నొకటి వెలిగేది, మాట కాసేపటికి గానీ వచ్చేది కాదు. కట్టేశాక కన్ను మెల్లగా మూసుకునేది. ఆ తర్వాత చెక్కపెట్టె లోపల్నుంచి టక్, టక్ అని రెండు చప్పుళ్ళు. వేడెక్కిన చెక్క చల్లారుతుంటే అలాగే అంటుందని పున్నయ్య అన్నాడు. నిజమే అయ్యుండొచ్చు. కానీ ఆ రెండు చప్పుళ్ళ తర్వాత ఇల్లంతా ఒక్క క్షణం సద్దుమణిగేది. ఎవరో పేరు పిలవబోతున్నట్టు ఉండేది. ఎన్నిసార్లో కరుణమ్మ పెదవులు వాటంతటవే విచ్చుకున్నాయి.

"ఏమే, ఎవరో తలుపు కొట్టారు, చూడు," అనేది రూతమ్మ. చూస్తే ఎవరూ ఉండరు. నాలుగుసార్లు అయ్యాక ముసలమ్మ తన మంచాన్ని రేడియోకు వీపు తిరిగేలా జరిపించుకుంది. ఎందుకని అడిగితే వెలుతురు కళ్ళల్లో పడుతోందని చెప్పింది.

ఇక వీధిలోంచి పిలుపులు మొదలయ్యాయి. కంపెనీ కార్డు పట్టుకుని కొత్త పోస్టుమాను బ్రహ్మయ్య గుమ్మంలో నిలబడి, "దయామణి గారూ!" అని గట్టిగా కేకేశాడు. పున్నయ్య లోపల్నుంచి కళ్ళతోనే గదమాయించాడు, పలకమని. "వస్తున్నానండీ," అంది కరుణమ్మ. బజారులో ఖాజా మొహిద్దీన్ ఎదురైతే, "దయామణి టీచరమ్మా, సెట్టు బాగా పలుకుతోందా?" అని నవ్వేవాడు. "చానా బాగుందండీ." మొదట్లో ఒళ్ళు జలదరించేది. రాను రాను ఏమయిందో చెప్పాలంటే సిగ్గు. ఆ పిలుపు కోసం ఎదురుచూడసాగింది. ఆ గుమ్మంలో ఆమెను ఒక మనిషి పేరు పెట్టి, 'గారు' తగిలించి పిలవటం అదే మొదలు. ఆ పేరు చచ్చిపోయినామెది అయితే ఏం, పలికే నోరు తనదే కదా అనుకునేది. అనుకున్న వెంటనే భయపడేది. ఒకనాడు బడిలో నల్లబల్ల మీద తేదీ రాసి వెనక్కి తిరిగితే పిల్లలందరూ బిగుసుకుపోయి చూస్తున్నారు. ముందు బెంచీ పిల్ల ఏడుపు మొహం పెట్టింది. తిరిగి బల్లకేసి చూసుకుంది. రాత సన్నగా, కుడివైపు వాలి ఉంది. తను ఎక్కడో కొంచెం కొంచెంగా చెరిగిపోతున్నానని ఆ క్షణాన కరుణమ్మకు స్పష్టంగా తెలిసింది. గుడ్డతో బల్ల తుడిచి, పట్టుబట్టి తన ముద్దరాతలో మళ్ళీ రాసింది. చెయ్యి నెప్పి పుట్టింది.

క్రిస్మస్ దగ్గర పడుతుండగా, ఒక శనివారం మధ్యాహ్నం, ఇంటి పైన ఏరియల్ తీగ చూసి రేడియో లైసెన్సుల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. శివరామయ్య గారని పెద్దమనిషి, చెమట తుడుచుకుంటూ వరండాలో కూర్చుని కాగితాలు తీశాడు. లోపల రేడియో పాడుతూనే ఉంది. పున్నయ్య గబగబా వెళ్ళి కట్టేసి వచ్చాడు.

"లైసెన్సు దయామణి గారి పేరున ఉంది. ఆవిడెవరండీ?"

"ఇదిగో, ఈవిడేనండీ," అని పున్నయ్య కరుణమ్మను చూపించాడు. మజ్జిగ గ్లాసు అందిస్తోందామె.

"కుమారి అని రాసుంది. మీకేమవుతారు?"

పున్నయ్య లోపల్లోపలే లెక్క వేసుకున్నాడు. పెళ్ళామంటే కుమారి ఎలా అయిందంటాడు. అప్పుడు చీటీ, సంతకం, చచ్చిపోయిన టీచరు, డొంకంతా కదులుతుంది. ఆయన పెళ్ళాం మొహం కేసి ఒక్కసారైనా చూడలేదు.

"ఏమీ కాదండీ. మా ఇంట్లో అద్దెకుంటారు. ఆ చివరి గది."

కరుణమ్మ అత్త వైపు చూసింది. రూతమ్మ తాపీగా ఒక్క తల ఊపు ఊపింది.

"అవును బాబూ. ఒంటి మనిషి పాపం. బడిలో టీచరమ్మ."

గ్లాసు అందుకున్న ఇన్‌స్పెక్టరు కరుణమ్మను ఎగాదిగా చూశాడు. బొట్టు లేదు, మెట్టెలు లేవు. మిషను వాళ్ళ ఆడవాళ్ళలో పెళ్ళయిందెవరో కానిదెవరో చెప్పేది మెడలో పుస్తె ఒక్కటే. లోపల చల్లారుతున్న పెట్టె టక్ అంది. మళ్ళీ టక్ అంది. కరుణమ్మ పైట కొంగు తీసి భుజాల చుట్టూ, మెడ నిండా కప్పుకుంది.

"అంతేనాండీ?" అన్నాడాయన.

"అంతేనండీ," అంది. "నాకు పెళ్ళి కాలేదు."

ఆ మాట అంత తేలిగ్గా వస్తుందని ఆమె అనుకోలేదు. ఎన్నో ఏళ్ళుగా నెత్తి మీద మోస్తున్న కట్టెల మోపు ఎవరో వెనక నుంచి ఎత్తి దించినట్టయింది. శివరామయ్య కాగితం మీద ఏదో గీత గీసి లేచాడు. "ఇల్లు మారితే మాత్రం అడ్రసు మార్పించుకోవాలమ్మా," అని చెప్పి, పక్కింటి ఏరియల్ చూసుకుంటూ వెళ్ళాడు.

ఆయన గేటు దాటీ దాటకముందే పున్నయ్య తొడ చరుచుకుని నవ్వాడు. "చూశావా అమ్మా, ఎట్టా తప్పించానో! ఇదిగో, కాఫీ పెట్టు."

కరుణమ్మ పొయ్యి దగ్గరకు వెళ్ళలేదు. కొడుకు అంత గబుక్కున 'ఏమీ కాదు' అన్నాడే, తల్లి అంత గబుక్కున 'అవును' అన్నదే, వీళ్ళిద్దరూ అబద్ధం చెప్పినట్టు లేదే అనుకుంది. అబద్ధం చెప్పేవాళ్ళు తడబడతారు. ఉన్నమాట చెప్పేవాళ్ళకే నోరు అంత సులువుగా తిరుగుతుంది. జీతం ఇచ్చి, చాకిరీ చేసి, ఒక మూల పడుకునే మనిషిని ఏమనాలి మరి? అద్దెకున్నవాళ్ళు కూడా వంట చెయ్యరు, కాళ్ళు పట్టరు. ఇన్నాళ్ళూ తనకు తెలియక కోడలిననుకుంది. తెలిసిపోయాక కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. లోపలికెళ్ళి రేడియో తీగ పీకింది. నాలుగు చీరెలు మూట కట్టింది.

"ఏందే, ఏం చేస్తన్నావు?"

"ఖాళీ చేస్తన్నానండీ. అద్దెకున్న మనిషిని గదా."

"దీనికి మతి పోయింది," అంది రూతమ్మ, మంచం మీద లేచి కూర్చుని.

పున్నయ్య సెట్టుకు అడ్డం వచ్చాడు. "దీని మీద చెయ్యేశావంటే..."

"కేకేయండి. ఇన్‌స్పెక్టరు గారు పక్కింట్లోనే ఉన్నారు. సెట్టు ఎవరిదో, నేనెవరో ఆయన ముందే తేల్చుకుందాం."

పున్నయ్య గేటు వైపు ఒకసారి చూసి పక్కకు జరిగాడు. కరుణమ్మ వీధిలో పోతున్న మీరా సాహెబ్ జట్కాను ఆపింది. సెట్టు పెద్దదే అయినా తనే రెండు చేతులా ఎత్తి పొట్టకు ఆనించుకుని బండెక్కింది. "ఇదిగో! ఇదిగో!" అని వెనక నుంచి అరిచాడాయన. పేరు పెట్టి పిలిచి ఉంటే తిరిగి చూసేదేమో. అప్పుడు కూడా ఆయనకు ఆ పేరు గుర్తు రాలేదు.

చచ్చిపోయిన మనిషి గదని బడి వెనక ఆ గదిలో ఎవరూ దిగలేదు. తాళంచెవి మేకుకే వేలాడుతోంది. హెడ్మాస్టరుకు సోమవారం అంతా చెప్పెయ్యాలి, దయామణి పేరుతో సహా. ఏం జరిగితే అది జరుగుతుంది. బల్ల మీద దుమ్ము తుడిచి రేడియో పెట్టింది. గదిలో కరెంటు లేదు. లేదని ఆమెకు తెలుసు. కుర్చీ లాక్కుని దానికి ఎదురుగా, తను ఎన్నడూ కూర్చోని చోట కూర్చుంది. కిటికీలో పొద్దు వాలుతోంది. ఆకుపచ్చ కన్ను మూసుకునే ఉంది. ఊరి మీదుగా జట్కాలో వచ్చిన పెట్టె ఎప్పుడో చల్లారింది, చేత్తో తాకి చూసింది కూడా.

టక్, టక్.

గది సద్దుమణిగింది. ఎవరో పేరు పిలిచారు. అది దయామణి పేరు కాదు.

"ప్రెజెంట్," అంది కరుణమ్మ.