సస్టైనబిలిటీ వారం

రసజ్ఞ ఆఫీసులో 'సస్టైన్' అన్న మాట వినపడని రోజు లేదు. పాత సాఫ్ట్‌వేర్‌కు మాట్లు వేసే ఆమె టీము పేరే సస్టెనెన్స్. జీతం పెంచనప్పుడు మేనేజరు ఉదయ్ భాస్కర్, "పోయినేడు రేటింగే సస్టైన్ చేశాం" అని నవ్వుతాడు. శనివారం కూడా రమ్మనాల్సి వస్తే ఈ ఊపును సస్టైన్ చెయ్యాలంటాడు. ఇప్పుడా మాట ఆకుపచ్చ రంగు పూసుకుని గోడలెక్కింది. సస్టైనబిలిటీ వారమట. భూమిని పదికాలాలపాటు నిలబెట్టే ఆలోచన చెప్పినవాళ్లకు బహుమతి. ఏసీ చలికి స్వెట్టర్లు వేసుకుని మరీ చర్చించారు మహానుభావులు.

రసజ్ఞకు వెంటనే రాజమ్మ గుర్తొచ్చింది.

రాజమ్మది నానక్‌రామ్‌గూడ పాతూరు. ఆఫీసు వెనక గేటు పక్కన, జనరేటర్ గది గోడ చాటున జొన్నరొట్టెల బండి పెడుతుంది. మోదుగాకు విస్తరిలో రొట్టె, పప్పు, పచ్చిమిర్చి తొక్కు. బండి చుట్టూ వెతికినా ప్లాస్టిక్ ముక్క దొరకదు. తెనాలి నుంచి వచ్చి, హాస్టల్ సాంబారుకు ప్రాణం విసిగిన రసజ్ఞకు ఇన్నాళ్లూ ఒంట్లో సత్తువ మిగిలిందంటే ఆ బండి చలవే.

రసజ్ఞ ఫోన్ తీసి బండిని ఫోటో తియ్యబోగానే రాజమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"గివన్నీ ఎందుకు బిడ్డా? సెక్యూరిటోళ్లు ఊకుంటున్నరు కాబట్టి ఈడ బతుకుతున్న. పెద్దసార్ల కంట్ల పడితే ఉన్న జాగ పోతది."

"పోదు పెద్దమ్మా. చూస్తే మెచ్చుకుంటారు. పర్మిషన్ కూడా ఇస్తారు. నేనున్నాను కదా."

రాజమ్మ చెయ్యి తీసేసింది.

ఆ ఫోటోలు తెర మీద చూపించిన రసజ్ఞకే బహుమతి వచ్చింది. చప్పట్లు మోగుతుండగా పెద్దసారొకాయన తెర మీది బొమ్మను చూసి, "ఆ గోడ మనదేనా?" అని మెల్లగా అడిగాడు. అంతే. మర్నాడు పొద్దున బండి ఉండే చోట పూలకుండీలు వరుసగా ఉన్నాయి.

రసజ్ఞ పరుగున ఉదయ్ దగ్గరికి వెళ్లింది. "కంగారెందుకు రసజ్ఞా, ఆవిణ్ణి లోపలికే తెస్తున్నాం. ఫుడ్‌కోర్టులో కౌంటరు" అన్నాడతను. ఎన్నాళ్లపాటు అని ఆమె అడగలేదు. అడిగితే మంచి జవాబు రాదని లోపల తెలుసు. బహుమతి పుచ్చుకున్న చేతులతో అడగడానికి సిగ్గేసింది కూడా.

కౌంటరుకు తాటాకు కప్పు వేశారు. రాజమ్మకు ఎర్రంచు చీర కట్టించి కట్టెల పొయ్యి ముందు కూర్చోబెట్టారు. పొగ వస్తే అలారం మోగుతుందని పొయ్యిలో ఎర్రబల్బు పెట్టారు. రొట్టెలు కాంట్రాక్టరు వంటశాల నుంచి వచ్చేవి, అట్టముక్కల్లా. జనం ఆమె పక్కన నిలబడి సెల్ఫీలు దిగారు. రొట్టె చెయ్యనివ్వరా అని రాజమ్మ ఒకటి రెండుసార్లు అడిగి ఊరుకుంది.

శుక్రవారం సాయంత్రం తాటాకులు పీకేశారు. రసజ్ఞ కిందికి దిగేసరికి రాజమ్మ చీర మార్చుకుని, మెడలోని విజిటర్ కార్డు గేటు దగ్గర ఇచ్చేస్తోంది.

"రేపటిసంది బండి ఏడ పెట్టాలె బిడ్డా?"

"అడుగుతాను పెద్దమ్మా. సోమవారం తప్పకుండా అడుగుతాను."

రాజమ్మ ఆమె మొహంలోకి కాసేపు చూసింది. కోపం లేదు, అదే రసజ్ఞకు భరించరానిదైంది.

"నీ మనసు మంచిదే బిడ్డా. నన్ను ఎవ్వలకు సూపియ్యకుంటే అయిపోతుండె."

షేర్ ఆటో వచ్చింది. రాజమ్మ ఎక్కింది. రసజ్ఞ ఆటో వెంట రెండడుగులు వేసి ఆగిపోయింది. చేతిలో ఫోన్ మోగింది. ఉదయ్. వచ్చే వారం పండ్ల బండి వాళ్ల ఫోటోలతో ఇలాంటి ప్రదర్శనే ఇంకొకటి తయారు చెయ్యమన్నాడు. అలాగేనండీ అంది రసజ్ఞ.