మూడో గడిలో టిక్కు

పాత ఫోన్లూ లాప్‌టాప్‌లూ విప్పే ఆ షెడ్డులో అతన్ని అందరూ ఒక్కదెబ్బ అనే పిలిచేవారు. ఫోన్ విప్పి, బోర్డు బయటికి లాగి, మెమరీ చిప్ మీద ఉలి పెట్టి సుత్తితో కొట్టాడంటే రెండో దెబ్బ అవసరం పడేది కాదు. చిప్ నడిమధ్యన చిల్లు. ఇక అందులోని ఫొటోలూ మాటలూ ఎవరి చేతికీ చిక్కవు. ఆ పేరు చెవిన పడితే చాలు, మీసం దువ్వుకునేవాడు.

ఆ ఉదయం షెడ్డు తలుపులు తీసీ తీయకముందే ఒక టీచరమ్మ వగరుస్తూ కౌంటర్ దగ్గరికి వచ్చింది.

"నిన్న ఒక సంచీ ఇచ్చానండీ. అందులో నల్ల ఫోన్ మా అన్నయ్యది. వెనక పగిలితే టేపు అంటించి ఉంటుంది. అదొక్కటీ వెనక్కిస్తారా?"

కౌంటర్ వెనక ఉన్నది ఒక్కదెబ్బే. ఆ టేపు బాగా గుర్తుంది. నిన్న ఊడబీకింది తనే.

"ఏముందమ్మా అందులో?"

"అన్నయ్య గొంతు. తను పోయి ఏడాదైంది. 'ఏమే కోతీ, తిన్నావా' అంటూ పెట్టిన మెసేజిలు. నా ఫోన్లోకి ఎక్కించుకున్నాననే అనుకున్నా. ఇందాక వెతికితే ఒక్కటీ లేదు."

అతను రసీదుల ఫైలు తిరగేసి ఆమె కాగితం తీశాడు. మూడో గడి: 'కావలసినవి దాచుకున్నారా అని అడిగాము.' పక్కన నీలం సిరా టిక్కు.

ఆ టిక్కు ఎలా పడిందో అతనికి తెలుసు. పక్క బల్ల మీద స్క్రీన్లు ఊడదీసే అక్కకీ తెలుసు. రోజూ పొద్దున టీ తాగుతూ, మనిషి మొహం చూడకముందే, ఖాళీ కాగితాల కట్టంతటికీ టిక్కులు కొట్టి పడేసేవాడు. "వచ్చినవాళ్లనల్లా అడుగుతూ కూర్చుంటే సుత్తి ఎవరు పడతారక్కా?" అని నవ్వేవాడు.

"అడిగినట్టే ఉందమ్మా," అంటూ కాగితం ఆమె వైపు తిప్పాడు. "ఫోన్ నిన్ననే విప్పేశాం."

ఆమె మొహం వాడిపోయింది. "మీరు అడిగే ఉంటారు. నా బుర్ర ఎక్కడుందో, తల ఊపేసి ఉంటాను. తప్పు నాదే. పొద్దున్నే వచ్చి విసిగించాను, ఏమనుకోకండి."

చెంప చెళ్లుమనిపించినా అంత మండేది కాదు. ఆమె కనీసం బోర్డైనా ఇమ్మంటే డబ్బాలోంచి వెతికి ఇచ్చాడు. రుమాల్లో చుట్టుకుని వెళ్లిపోయింది.

అక్క స్క్రూడ్రైవర్ కింద పెట్టింది. "ఒరేయ్, అడిగావా?"

అతను ఫైలు మూసేశాడు.

"బతికినన్నాళ్లూ ఆవిడ తనే పోగొట్టుకున్నాననుకుంటుందిరా."

అతను పరుగెత్తాడు. బస్‌స్టాప్‌లో నలుగురి మధ్య ఆమె ముందు నిలబడ్డాడు. తల ఎత్తలేకపోయాడు.

"అమ్మా, నేను అడగలేదు. ఆ టిక్కు మీరు రాకముందే పెట్టాను. ఇందాక మీతో అబద్ధమాడాను."

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. రుమాలు విప్పి బోర్డును ఎండకెత్తి పట్టుకుంది. చిల్లులోంచి చిన్న వెలుగుచుక్క ఆమె చెంప మీద పడింది.

"సరిగ్గా మధ్యలో కొట్టారు," అంది.

బస్సు రాగానే వెనక్కి చూడకుండా ఎక్కేసింది.

అతను తిరిగొచ్చేసరికి కౌంటర్ దగ్గర ఎవరో సంచీతో నిలబడి ఉన్నారు. "ఒక్కదెబ్బా, తొందరగా రావయ్యా!" అని లోపల్నుంచి కేక వినిపించింది. బూతు మాట విన్నట్టు అతని చెవులు కాలిపోయాయి.