నాలుగో చెయ్యి

ద్రాక్షాకుల్లో బియ్యం, కీమా పెట్టి చుట్టేటప్పుడు బొటనవేలు చేసే పనీ, పేకముక్కలు విప్పేటప్పుడు చేసే పనీ ఒకటే. అందుకే ఆట మానేసిన మొదట్లో మా అత్తగారు ఆకుల గిన్నె ముందు పెడితే నా మనసు పేక మీదికే పోయేది. ఇప్పుడు పేక ముట్టుకోక తొమ్మిది నెలలు. ఈ ఉదయం నలభై చుట్టాను, ఒక్కటీ విడిపోలేదు.

"ఉమ్మ్ గస్సాన్, సన్నగా చుట్టు. లావైతే నీ కొడుకు ముట్టడు," అంది అత్తగారు.

గస్సాన్ పుట్టిన రోజు నుంచి జాహ్లే ఊరంతటికీ నేను ఉమ్మ్ గస్సాన్‌నే, గస్సాన్ వాళ్ళమ్మనే. మా ఆయన ఫరీద్ కూడా అలాగే పిలుస్తాడు. అత్తగారు ఉమ్మ్ ఫరీద్. ఇరవై రెండేళ్ళు వండాను, ఉతికాను, మామగారికి పక్షవాతం వస్తే మంచం మీదే ఒళ్ళు తుడిచాను. అదంతా గస్సాన్ వాళ్ళమ్మే చేసింది. విదాద్ అనే మనిషి ఏమైందని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఒకరోజు కింది వాటాలో ఉండే అఫీఫా పేకాటకు పిలిచింది. అక్కడ ఆడవాళ్ళది ఒకటే నియమం. "పేకలోకి పిల్లల పేర్లు లాగకండే, పాపం తగుల్తుంది!" అందుకని ఎవరి పేరుతో వాళ్ళనే పిలుచుకునేవాళ్ళు. "విదాద్, ముక్క వెయ్యవే!" అంటే ఒళ్ళు ఝల్లుమంది. కాఫీ తాగి వచ్చేద్దామని వెళ్ళినదాన్ని, రోజులకు రోజులు అక్కడే ఉండిపోయాను. పందెంలో అమ్మ ఇచ్చిన గాజులూ పోయాయి. నాన్న పోయిన మూడోరోజు, పరామర్శకు వచ్చినవాళ్ళకు చేదు కాఫీ అందిస్తూ, వీళ్ళలో ఏ ముగ్గురితో ఆట కుదురుతుందా అని చూస్తున్నాను. అది తెలిసిన క్షణాన పళ్ళెం వదిలేసి వంటింట్లో కూలబడ్డాను.

"మగాళ్ళం ఆడితే కాలక్షేపం, ఇల్లాలు ఆడితే కొంప మునిగినట్టే," అనేవాడు ఫరీద్, తన పాచికలు గిలకరిస్తూ. మాట అన్యాయం. కొంప మునుగుతోందన్నది మాత్రం నిజం.

చర్చి బడిగదిలో గురువారాలు పేక మానాలనుకునే నాలాంటి ఆడవాళ్ళే కొందరు కూర్చుంటారని విని వెళ్ళాను. జుహైనా అనే నర్సు పేరడిగింది.

"ఉమ్మ్ గస్సాన్."

"అది మీ అబ్బాయి పేరు కదమ్మా. మీదేది?"

నవ్వొచ్చింది. నవ్వు ఆగక ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ నేను పేకకు గెలవడానికి వెళ్ళలేదు, నా పేరుతో పిలిపించుకోవడానికి వెళ్ళాను.

ఈ మాట మొదటిసారి ఇవాళే అత్తగారితో అన్నాను. ఆవిడ ఆకుల ఈనెలు తీస్తూ కూర్చుంది.

అంతలో కింది నుంచి కేక. "విదాద్! రావే, నాలుగో చెయ్యి తక్కువైంది!"

బొటనవేలు కదిలింది. ఆకు మీద నొక్కిపెట్టాను.

"రాను అఫీఫా!"

"ఏం, మీ ఆయన తాడేసి కట్టాడా?"

"లేదు, నేనే రానంటున్నా."

"ఒక్క ఆటేనే తల్లీ!"

అత్తగారు మోకాళ్ళు పట్టుకుని లేచి బాల్కనీలోంచి వంగింది. "ఓసి అఫీఫా! విదాద్ రాదు. అంత చేతులు దురదగా ఉంటే మీ ముగ్గురే పైకి రండి, ఆకులు బోలెడున్నాయి!"

మా ఇంట్లోంచి నా పేరు వీధికి వినబడటం అదే మొదలు. కాసేపటికి మెట్ల మీద చెప్పుల చప్పుడు, నవ్వులు. అత్తగారు మళ్ళీ కూర్చుని, ఒక ఆకు అందుకుని, నా వైపు చూడకుండానే అంది:

"నా పేరు నజ్లా."