తీగెలో తేమ

మాసయ్య తీగెలు పరీక్షించే చేతిఫోను క్లిప్పును ఒక తీగె మీద నుంచి తీసి పక్క తీగెకు తగిలించాడు. ఏమీ వినపడలేదు. దాని పక్కదానికి పెట్టాడు. అందులోనూ నిశ్శబ్దమే. ఐదో తీగెలో దొరికింది ప్రభావతి గొంతు.

"హలో, తొంభై ఎనిమిది. మాసయ్యా, తొంభై ఎనిమిది."

"దొరికింది మేడం. పట్టుకున్న."

నారాయణగూడ చౌరస్తాకు ఇవతల రోడ్డు తవ్వుతున్న యంత్రమొకటి మొన్న టెలిఫోను కేబుల్‌ను కొరికేసింది. కొత్త కేబుళ్లలో జతకో రంగు ఉంటుంది, చూసి కలిపేయవచ్చు. ఇది ముప్పై ఏళ్ల నాటిది, తీగెలకు కాగితం చుట్టి ఉంటుంది. నాలుగు వందల జతలూ ఒకే మట్టి రంగు. అందుకే చిక్కడపల్లి ఎక్స్ఛేంజి పై అంతస్తులో కూర్చుని ప్రభావతి ఒక్కో జతలో దాని నంబరు చెబుతుంది. ఇక్కడ గుంతలో మాసయ్య ఆ గొంతు ఎక్కడుందో వెతికి, ఇళ్ల వైపు నుంచి వచ్చే తీగెతో కలుపుతాడు. పంతొమ్మిదేళ్లుగా వాళ్లిద్దరి కొలువు ఇదే.

పొట్టి మనిషి మాసయ్య. యాభై ఏడేళ్లు. గంటలు గంటలు గొంతుకూర్చుని మోకాళ్లు అరిగిపోయాయి. కుడి బొటనవేలి గోరు నిలువునా చీలి, నల్లగా అతుక్కుపోయింది. నారాయణపేట పక్క పల్లె నుంచి కూలికొచ్చి ఇదే కేబుల్ కోసం ఇదే రోడ్డును గడ్డపారతో తవ్వాడు. పదకొండేళ్లు రోజు కూలీగా పనిచేశాక కంపెనీ అతన్ని పర్మనెంటు చేసింది. ఆ రోజు అతని భార్య రామమ్మ అడిక్‌మెట్ బస్తీలో ఇల్లిల్లూ తిరిగి చక్కెర పంచింది.

ఎక్స్ఛేంజి కింద స్టోరుకు నెలకు రెండుసార్లయినా వెళతాడు గానీ పై గదికి ఎన్నడూ ఎక్కలేదు. అక్కడికి దుమ్ము పోకూడదట. తన కాళ్లెప్పుడూ మట్టివే. ప్రభావతిని గేటు దగ్గర మూడు నాలుగు సార్లు చూశాడు, నమస్తే పెట్టాడు. అంతే. ఆమె గొంతును మాత్రం ఎనిమిది వందల తీగెల్లో పోల్చుకోగలడు.

మధ్యాహ్నం ఇంజనీరు ఉమాకాంత్ వచ్చి గుంతలోకి తొంగిచూశాడు.

"అన్నీ కలపకు మాసయ్యా. బతికున్న ఫోన్లు నూట ముప్పై ఆరే. అవి కలిపి మూసెయ్యి."

"మిగతాయి సార్?"

"ఎవలున్నరు మిగతా దాంట్ల? అందరు సెల్లులే వాడుతున్నరు."

ఉమాకాంత్ వెళ్లాక మాసయ్య తీగెల కుచ్చును చేతిలోకి తీసుకున్నాడు. ఒక్క కనెక్షను కోసం జనం ఆరేళ్లు ఎదురుచూసిన రోజులు అతనికి తెలుసు. బిగించడానికి వెళితే కొబ్బరికాయ కొట్టేవాళ్లు.

నూట ఇరవై దాటాక ప్రభావతి గొంతు మరీ గరగరలాడింది. రెండు నెలలుగా వింటున్నాడా గరగర. కాగితానికి చెమ్మ తగిలితే మాట అలాగే వస్తుంది. జత జతనూ గుడ్డతో తుడిచాడు, బ్లోలాంపు వెలిగించి దూరం నుంచి సెగ చూపించాడు. మే నెల ఎండకు ఆ సెగ తోడై చెమట కళ్లలోకి కారింది. మళ్లీ క్లిప్పు తగిలించాడు. అదే గరగర.

"మేడం, తీగెల చెమ్మున్నది. మీ మాట సాఫ్ వస్తలేదు. జర ఆగుండ్రి, ఇంకోపారి ఆరబెడ్త."



"ఆరబెట్టకు మాసయ్యా. తీగె మంచిగనే ఉన్నది. నా గొంతే గట్లయింది."

"సర్ది పట్టిందా?"

"గడ్డ. ఎల్లుండి ఆపరేషన్. గొంతు మిగుల్తదో లేదో చెప్పలేనన్నడు డాక్టరు. రేపట్నుంచి సెలవు పెట్టిన."

మాసయ్య బ్లోలాంపు ఆర్పేశాడు. పైన బస్సు వెళ్తుంటే గుంత అంచు మట్టి రాలింది.

"అయితే మాట్లాడకుండ్రి మేడం. బజర్ పెట్టుండ్రి. సప్పుడు బట్టి నేను దొరకబట్టుకుంట."

"వద్దు. మాట్లాడనీ." ఒక్క క్షణం ఆగి, "నూట ఇరవై నాలుగు," అంది.

నాలుగున్నరకల్లా బతికున్న జతలన్నీ కలిశాయి. ఇక మూతవేసి ఇంటికి పోవచ్చు. మాసయ్య మూత అందుకోలేదు.

"మేడం, ఖాళీయి కూడ చెప్పుండ్రి. కలుపుత."

"సార్ వద్దన్నడు కదా?"

"అంటే అననీ. మీకు చెప్పబుద్ధయినన్ని చెప్పుండ్రి."

ఆమె నవ్విందో దగ్గిందో అతనికి తెలియలేదు. తర్వాత నంబర్లు రావడం మొదలైంది. ఈసారి ఒట్టి నంబర్లు కావు.

"నూట నలభై. దోమలగూడల కాన్పులు చేసే నర్సమ్మది. పండుగ నాడు గూడ మోగేది... నూట యాభై ఒకటి. అశోక్‌నగర్ టైపు ఇన్‌స్టిట్యూట్... నూట యాభై ఆరు. ఇదెవరిదో యాదికొస్తలేదు మాసయ్యా."

"ఎవరిదైతేంది మేడం. దొరికింది. పట్టుకున్న."

దొరికిన ప్రతి జతనూ శ్రద్ధగా మెలిపెట్టి నొక్కాడు, రేపే ఎవరో ఫోను చేస్తారన్నట్టు. ఎండ గుంత దాటి, ఎదుటి గోడ దాటి వెళ్లిపోయింది. నలభై ఒక్క జతలు అయ్యేసరికి ఆమె మాట గాలిగా మారింది.

"ఇగ చాలు మాసయ్యా. పొయ్యొస్త."

"ఏం గాదు బిడ్డా, మంచిగైతది," అన్నాడు. మేడం అనడం మరిచిపోయానని తర్వాత ఎప్పటికో గుర్తొచ్చింది.

ఆపరేషను జరిగింది. తొమ్మిదో రోజు పొద్దున ప్రభావతి ఆసుపత్రిలోనే పోయింది. స్టోరు దగ్గర ఉమాకాంత్ ఆ సంగతి చెప్పినప్పుడు మాసయ్య కొత్త క్లిప్పుల కోసం సంతకం పెడుతున్నాడు. సంతకం పూర్తిచేశాడు. కుళాయి కింద మోకాళ్ల దాకా కాళ్లు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని మెట్లెక్కాడు.

పై గదిలో నేల నుంచి కప్పు దాకా తీగెలే. యంత్రాల కోసం పెట్టిన ఏసీ చల్లదనం ఎముకల్లోకి దిగుతోంది. పంతొమ్మిది ఎండాకాలాలు తాను కింద ఉడికిపోతూ, పైన ఆమెకు హాయిగా ఉంటుందనుకున్నాడు. మాసయ్య చేతులు చంకల్లో పెట్టుకున్నాడు.

కిటికీ లేని మూలన ఆమె కుర్చీ ఉంది. మోచేతుల దగ్గర వేరే రంగు ఉన్నితో రఫూ చేసిన ఊదారంగు స్వెట్టరు దాని వీపుకు వేలాడుతోంది.