ముప్పై ఆకుల కింద పేరు

పలమనేరులో మా రేవతి చదివే హైస్కూలు మొక్కల క్లబ్బుకు 2002లో వెబ్‌సైటు పెట్టారు. ఆకు వైద్యం పేజీ రేవతికి అప్పగించారు. నా భార్య మునిలక్ష్మి చేనిగట్ల వెంట తిరిగి ముప్పై ఆకులు తెచ్చింది. ఏది ఏ జబ్బుకో కూతురికి చెప్పి రాయించింది.

"ప్రతి ఆకు కిందా అమ్మ పేరు ఏస్తా నాయనా," అంది రేవతి.

"మనింటి ఆడదాని పేరు లోకమంతా సూడాల్నా? చెంగల్రాయులు భార్య అని రాయి, సాలు," అన్నాను.

"'ఏమే' అని రాయమన్లేదు, అంతవరకూ నయం," అని మునిలక్ష్మి నవ్వింది. నేను ఆమెను అలాగే పిలిచేవాణ్ణి.

మూడేళ్లకు ఆమె జబ్బుచేసి పోయింది. కర్మంతరం అయ్యాక రేవతిని వెంటబెట్టుకుని బజారులోని ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లాను. పేజీ ఇంకా ఉంది. ముప్పై ఆకుల కిందా నా పేరే ఉంది.

"మీ అమ్మ పేరు ఎక్కించు," అన్నాను.

"కాదు నాయనా. పాస్‌వర్డ్ పెట్టిన సారే మర్చిపోయినాడంట. ఎప్పుడో అడిగినాను."

"ఎప్పుడు?"

"అమ్మ ఆస్పత్రిలో ఉన్నెప్పుడు. అమ్మే అడగమనింది."

మునిలక్ష్మి నన్ను అడగలేదు. అడిగినా నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు.