మూడో ప్రకటన

మా చర్చికి వందేళ్లు నిండుతున్నాయని పెద్దలు నాటకం వేయమన్నారు. దుర్గి పక్కన మా ఊళ్లో టీచరుని నేనొక్కదాన్నే కదా, రాసే పని నా నెత్తిన పడింది. ఈ చర్చిలో మొట్టమొదట పెళ్లాడిన మా శాంతమ్మ ముత్తవ్వ, ఏసోబు ముత్తాతల ప్రేమకథ రాశాను. ఏసోబుగా మనోజ్‌ను పెట్టాను. శాంతమ్మగా నన్ను నేనే పెట్టుకున్నాను. సిగ్గెందుకు? రాసింది నేను!

మనోజ్ బోరు మోటార్లు బాగుచేస్తాడు. మూడేళ్లుగా నన్ను చూస్తున్నాడు తప్ప ఒక్క ముక్క మాట్లాడడు. వాళ్లమ్మ మేరీ అత్తేమో ఈ వందేళ్ల పండగ కాగానే పెదకూరపాడులో పిల్లను చూడటానికి కారు మాట్లాడేసింది. నాకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది.

మా చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ఇద్దరి పేర్లూ చదివి అభ్యంతరాలు అడుగుతారు. నాటకంలోనూ ఆ ప్రకటన పెట్టాను. చదివేది మా పాస్టరు జ్ఞానయ్యగారే. ఆయనకు చూపు తక్కువ, మతిమరుపు ఎక్కువ. ఎవరు ఏ వేషమో మర్చిపోకుండా కాగితం మీద పాత్రల పేర్ల పక్కన మా పేర్లు పెద్దక్షరాలతో రాసిచ్చాను. రెండు ఆదివారాలు ఆరాధన అయ్యాక రిహార్సల్ చేశాం. రెండుసార్లూ పాత్రల పేర్లు వదిలేసి మా పేర్లే చదివారు. పైకి మాత్రం కోప్పడ్డాను.

మూడో ఆదివారం ఆ కాగితం ఆయన బైబిల్లోనే ఉండిపోయింది. ఆరాధన మధ్యలో మైకులో చదివేశారు.

"మనోజ్‌కు, వెన్నెలకు వివాహము నిశ్చయమైనది. ఇది మొదటి ప్రకటన. అభ్యంతరము ఉన్నవారు లేచి చెప్పవలెను."

మేరీ అత్త చేతిలో విసనకర్ర ఆగిపోయింది. నేను చాప కిందికి దూరిపోదామనుకున్నాను.

"ఉందయ్యగారూ!" మనోజ్ లేచాడు.

అయిపోయింది. మూడేళ్లు నోరు విప్పనివాడు ఊరందరి ముందూ నన్ను కాదనడానికే విప్పాడు. ప్రభువా, నా పరువు!

"ఏంది నాయనా నీ అభ్యంతరం?"

"మొదటిదంటారేంది అయ్యగారూ? రిహార్సల్లో రెండుసార్లు మీరే చదివారు గదా. అప్పుడూ ఎవరూ కాదనలా. ఇది మూడోది. పెళ్లెప్పుడో చెప్పండి."

"ఒరేయ్, పెదకూరపాడుకు కారు మాట్లాడాను గదరా!" అంది మేరీ అత్త.

"వెన్నెలోళ్ల ఇంటికి తిప్పుదాంలేమ్మా."

"రెండు సందుల అవతలికి కారేందిరా!"

జ్ఞానయ్యగారు కళ్లజోడు సర్దుకున్నారు. "అమ్మా వెన్నెలా, నీకేమన్నా అభ్యంతరమా?"

"ఉందయ్యగారూ! ఈ మాట మూడేళ్ల కిందటే అనుంటే నాకు నాటకం రాసే బాధ తప్పేది!" అన్నాను, కళ్లు తుడుచుకుంటూ.

మేరీ అత్త నా కొంగు పట్టి లాగింది. "కూర్చోవే! ఆ తగువేదో మా ఇంటికొచ్చి ఆడుదువుగాని."